చెప్పులెక్కడ విప్పుతారు? ఇంటీరియర్, ఫర్నిచర్ డిజైన్ చదివే పిల్లలకి

మొదటి సెమిస్టర్ చివర జ్యూరీకి, అంటే మన బొమ్మలు చూసి ప్రశ్నలేసే మాస్టార్ల ముందుకి, నేను గీసుకెళ్ళిన హాలు భలే ఉండేది. ఎల్ ఆకారంలో సోఫా, గోడ పొడుగునా టీవీ యూనిట్, ఫాల్స్ సీలింగ్‌లో కనపడని లైట్లు. రెండు రాత్రులు నిద్ర మానుకుని రంగులేశాను. బయటి నుంచి వచ్చిన మాస్టారు షీటు వైపు కాసేపు చూసి ఒక్కటే అడిగారు. "ఈ ఇంట్లో చెప్పులెక్కడ విప్పుతారమ్మా?" నాకు నోట మాట రాలేదు. మా ఇంట్లో అయితే కళ్ళు మూసుకుని చెప్పగలను: మెట్టుకి ఎడమవైపు నాన్నవి, కుడివైపు మిగతా అందరివీ ఒక గుట్ట, వానొస్తే అన్నీ వసారాలోకి. నేను గీసిన ఇంట్లో మనుషులే లేరు, ఇక చెప్పులెక్కడి నుంచి వస్తాయి?

మాది కోనసీమలో కొత్తపేట దగ్గర పల్లెటూరు. నాన్న వడ్రంగి. నేను ఈ చదువు చదివి రాజమండ్రిలో చిన్న ఆఫీసు పెట్టుకున్నాను. ఎండాకాలం సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌కని పిల్లలొస్తుంటారు. కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు నాకంటే బాగా చేస్తారు. వాళ్ళ బొమ్మల్లోనూ చెప్పులుండవు. మొదటి వారం వాళ్ళకి ఏం చెబుతానో అదే ఇక్కడ రాస్తున్నాను.

అడ్మిషన్ సంగతి ముందు కానిచ్చేద్దాం, ఇంట్లోవాళ్ళు టెన్షన్ పడేది దానికే కాబట్టి. ఆర్కిటెక్చర్ వేరు, ఇంటీరియర్ వేరు. బీఆర్క్ ఐదేళ్ళు, చాలా కాలేజీలకి నాటా అనే ప్రవేశ పరీక్ష రాయాలి. విజయవాడ ఎస్పీఏకి (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) మాత్రం జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు రాయాలి, నాటా స్కోరు పట్టుకెళితే లాభం లేదు. ఫర్నిచర్ మీద మనసున్నవాళ్ళకి అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఉంది. దానికి డాట్ అని ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు దశల్లో పరీక్ష. అదే ఊళ్ళో సెప్ట్ యూనివర్సిటీ ఉంది. మనకి దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఇంటీరియర్ డిజైన్ డిగ్రీ ఉంది. ఇంకొక్క మాట. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్ళే ఆర్కిటెక్ట్ అని పెట్టుకోవాలి. ఇంటీరియర్ డిగ్రీ ఒక్కటే చేతిలో ఉంటే షాపు ముందు "ఇంటీరియర్ ఆర్కిటెక్ట్" అని బోర్డు కట్టకండి.

ఇక అసలు పని. సీటు వచ్చినా రాకపోయినా, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు. కావలసింది ఒక ఇల్లు.

ఏ ఇల్లు అంటే, పిల్లలందరూ మండువా లోగిలే అంటారు. ఒద్దు. నాకూ మండువా ఇష్టమే. నాలుగు వాలుల పెంకుల మీంచి వాన లోపలికే జారుతుంటే ధారల కింద గంగాళాలు పెట్టుకునే ఆ ముచ్చట ఎవరికి చేదు? కానీ ఈ రోజుల్లో మండువాలో ముసలి దంపతులిద్దరే ఉంటారు, లేదా తాళం ఉంటుంది. మీరు స్తంభాల ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. రోజుకి ఆరుసార్లు వెళ్ళినా ఎవరూ విసుక్కోని ఇల్లు ఎంచుకోండి. పిన్నిగారి డాబా ఇల్లు, కాలవ గట్టు మీద తాటాకిల్లు, ప్రభుత్వం కట్టిచ్చిన టిడ్కో అపార్ట్‌మెంట్‌లో 300 చదరపు అడుగుల ఇల్లు, ఏదైనా సరే. ఇల్లెంత చిన్నదైతే మీకు అంత ఎక్కువ నేర్పుతుంది. 300 అడుగుల్లో ఐదుగురు పడుకునేచోట ఒక్క మంచం తప్పుగా వేస్తే ఇంట్లో తలుపు తెరుచుకోదు.

మొదటిరోజు టేపు తీసుకెళ్ళకండి. టేపు కనపడితే చాలు, "ఏమ్మా, సర్వేనా? మా అబ్బాయికి ఇల్లు శాంక్షన్ చేయిస్తావా?" అంటారు. ఊరికే వెళ్ళి కూర్చోండి. ఎక్కడ కూర్చోమన్నారో, దేనిమీద కూర్చోమన్నారో గుర్తుపెట్టుకోండి. నోట్‌బుక్‌లో మీ మొదటి ఎంట్రీ అదే. అనుమతి ఇంటాయన ఇచ్చేస్తే సరిపోదు. వంటింట్లోకి వెళ్ళాలంటే వంటింటావిడని విడిగా అడగాలి. దేవుడి గూడు, పడగ్గది ఫోటోలు తియ్యకండి, గీసుకోండి చాలు. గీసుకుంటే కాస్త నెమ్మదిగా చూస్తారు కూడా.

రెండోరోజు టేపు, పెన్సిలు, గళ్ళ కాగితం. ఇంటి ప్లాన్ 1:50 స్కేలులో (ఇంట్లో 50 సెంటీమీటర్లు కాగితం మీద ఒక సెంటీమీటరు) గీసి ఆరు జిరాక్సులు తీయించండి. ఇప్పుడు ఒకేరోజు పొద్దున్న ఐదుకి, ఎనిమిదికి, పదకొండుకి, మధ్యాహ్నం మూడుకి, సాయంత్రం ఆరుకి, రాత్రి తొమ్మిదికి వెళ్ళండి. ఒక్కో జిరాక్సు మీద ఆ నిమిషానికి ఎవరెక్కడున్నారో గుర్తు పెట్టండి. కూర్చుంటే గుండ్రం, నిలబడితే నిలువు గీత, పడుకుంటే అడ్డగీత. పక్కన దేనిమీద అని రాయండి: పీట, మెట్టు, మడత కుర్చీ, నవారు మంచం, నేల. రాత్రికి ఆరు కాగితాలూ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి వెలుతుర్లో చూడండి.

నేను ఇది మొదట చేసింది మా పెద్దమ్మగారింట్లో. హాల్లో ఇరవై రెండు వేలు పోసి కొన్న సోఫా ఉంది, దానిమీద దుప్పటి, దుప్పటి మీద ఉతికిన బట్టలు. ఆరు కాగితాల్లో ఒక్కదాంట్లో కూడా దానిమీద మనిషి లేడు. గుర్తులన్నీ వంటింటికీ పెరటికీ మధ్య ఉన్న గుమ్మం దగ్గర గుట్ట పడ్డాయి. అక్కడ రెండే మెట్లు. పొద్దున్న పెద్దమ్మ పాలవాడితో బేరమాడేది అక్కడే, పదకొండుకి చేపలామె తట్ట దించేది అక్కడే, మూడుకి పక్కింటావిడ తల దువ్వించుకునేది అక్కడే, ఆరుకి మా పెదనాన్నగారు కాళ్ళు కడుక్కుని కాఫీ తాగేదీ అక్కడే. ఇంకోటి కూడా కనపడింది. పొద్దున్నుంచి రాత్రి దాకా మా వదిన గుర్తులన్నీ నిలువు గీతలే. ఒకే ఒక్క గుండ్రం, రాత్రి తొమ్మిదికి, కంచం ముందు. అది నేను ఎవరికీ చూపించలేదు. కానీ ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా ముందు నిలువు గీతలు లెక్కపెట్టుకుంటాను.

ఇలాంటి లెక్కలు మనమే కొత్తగా వెయ్యడం లేదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో సామాన్యుల కోసం కడుతున్న ఇళ్ళకి మార్గరెటే షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ వంటగది గీసింది. వంట చేసే ఆవిడ ఎన్ని అడుగులు వేస్తోందో చూసి, రైలు డైనింగ్ కార్లలో వంట ఎలా ఇముడుతోందో చూసి, సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడుగులో అంతా చేతికందేలా అమర్చింది. ఈరోజు షోరూముల్లో అమ్మే మోడ్యులర్ కిచెన్‌కి ముత్తవ్వ అదే. చదవండి, మంచిదే. కానీ ఆ వంటగది ఒక్క మనిషి కోసం గీసింది. మన ఇళ్ళలో పండగపూట ముగ్గురు దూరతారు, అందులో ఒకరు నేలమీద కత్తిపీట వేసుకుంటారు, ఒక పిల్లాడు కొబ్బరిముక్క కోసం మధ్యలో తిరుగుతుంటాడు. గట్టు ఎత్తు 32 అంగుళాలా 34 అంగుళాలా అని తేల్చేముందు కత్తిపీట ఎక్కడ వేస్తారో అడగండి. పెద్దమ్మ రొయ్యలు వలిచి, ఉల్లిపాయలు కోసి, కూర దించేలోపు కిందనుంచి పైకి పదకొండుసార్లు లేచింది. ప్రతిసారీ ఎడమచెయ్యి గట్టు అంచుమీద ఒకేచోట ఆనించి లేచింది. అక్కడ సిమెంటు నునుపు తేలి మెరుస్తోంది. ఆ మెరుపు మీ ప్లాన్‌లో రావాలి. అక్కడ ఒక పట్టు కావాలి, లేదా కత్తిపీట పైకి రావాలి. ఏది కావాలో ఆవిడే చెప్పాలి.

కుర్చీల దగ్గరకొద్దాం. పుస్తకాల్లో కుర్చీ ఎత్తు 17, 18 అంగుళాలుంటుంది. మా అమ్మమ్మకి మోకాలి మడత నుంచి మడమ దాకా 14 అంగుళాలన్నర. షోరూము కుర్చీలో కూర్చుంటే మూడున్నర అంగుళాల మేర కాళ్ళు గాల్లో వేలాడేవి. అందుకే ఆవిడ కుర్చీలో కూర్చున్నా కాళ్ళు పైకి మడుచుకునేది. దాన్ని మేం అలవాటు అనుకున్నాం. 1997లో ఎన్ఐడీ మన దేశపు మనుషుల కొలతలతో ఒక పుస్తకం వేసింది. మీ కాలేజీ లైబ్రరీలో ఉంటే అందులో ఆడవాళ్ళ కొలతల పేజీలు ముందు చూడండి. లేకపోతే మీ వీధిలోనే పదిమందిని కూర్చోబెట్టి కొలవండి.

ఎత్తు ఒక్కటే కాదు. ఎవరికి ఏ ఆసనం అన్నది మన ఊళ్ళలో కొలతలకంటే గట్టి రూలు. మా నాన్న చేసిన పడక కుర్చీలు చుట్టుపక్కల ఊళ్ళలో చాలా ఇళ్ళలో ఉన్నాయి. మా షెడ్డులో ఆ కుర్చీలో మొదట కూర్చునేది ఆయనే. వెనక్కి వాలి, రెండు చేతులూ చాపి, ఎక్కడైనా కిర్రుమంటుందేమో అని చెవి పెట్టి వినేవాడు. అదే కుర్చీకి పేము తెగిందని కబురొస్తే ఆ ఇంటికి వెళ్ళి అరుగు చివర కూర్చునే అల్లేవాడు. పొలం పనికొచ్చిన మనిషి అరుగు కూడా ఎక్కకుండా వాకిట్లో నిలబడే మాట్లాడేవాడు. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీ వచ్చి కొంత సర్దింది. ఎవరొచ్చినా ఒకటి లాగి వేస్తారు. కొంతే. కొన్ని ఇళ్ళలో ఆ ప్లాస్టిక్ కుర్చీల్లోనే ఒకటి విడిగా బయట ఉంటుంది, వానకి తడిసి రంగు వెలిసి. ఇలాంటిది చూస్తే అక్కడ వాదన పెట్టుకోవద్దు. ప్లాన్‌లో ఆ కుర్చీని దాని చోటులోనే గీసి, ఎవరికోసమో పక్కన రాయండి. సోషల్ కాంటెక్స్ట్ అని సిలబస్‌లో రాసేది దీన్నే. మీ షీటు మీద ఆ కుర్చీ లేకపోతే మిగతా థియరీ ఎంత రాసినా దండగ.

ఇల్లయ్యాక ఒక్క వస్తువు తీసుకోండి. 1958లో భారత ప్రభుత్వం అడిగితే అమెరికా నుంచి వచ్చిన చార్లెస్, రే ఈమ్స్ దంపతులు మన దేశంలో డిజైన్ చదువు ఎలా ఉండాలో ఒక నివేదిక రాశారు. 1961లో ఎన్ఐడీ పుట్టడానికి అది దారి వేసింది. ఊళ్ళన్నీ తిరిగి అన్నిటికంటే వాళ్ళు మెచ్చుకున్నది మన చెంబుని. మెచ్చుకుని వదిలెయ్యలేదు, ప్రశ్నలేశారు. ఎన్ని నీళ్ళు పడితే మొయ్యగలం? తలమీద ఎలా నిలుస్తుంది, నడుముమీద ఎలా నిలుస్తుంది? ఖాళీగా ఉన్నప్పుడు, నిండినప్పుడు బరువు ఎటు తూగుతుంది? లోపల తోమడానికి చెయ్యి దూరుతుందా? ఖరీదెంత, పాతబడ్డాక అమ్మితే ఎంతొస్తుంది? మీరు చెంబు తీసుకోవద్దు, అది అయిపోయింది. నులక మంచం తీసుకోండి. నులక వదులైతే ఎవరు బిగిస్తారు, ఎన్నాళ్ళకి? బిగించే తాడు కాళ్ళవైపే ఎందుకుంది? పగలు నిలబెడితే ఎంత చోటు పడుతుంది? బాలింతకి ఒకటి, జబ్బు మనిషికి ఒకటి వేరుగా ఉంచుతారా? ఇప్పుడు నులక నేసేవాళ్ళు ఊళ్ళో ఎంతమంది మిగిలారు? ముప్పై ప్రశ్నలు రాసేదాకా పెన్సిలు పట్టకండి. పట్టాక 1:10లో బొమ్మ, తర్వాత టీవీ అట్టపెట్టెలు కోసి అసలు సైజులో మోడలు. అట్టదైనా సరే, మనిషి దాని పక్కన నిలబడాల్సిందే.

వడ్రంగి షెడ్డుకి వెళ్ళడం గురించి చెప్పకపోతే మా నాన్న ఊరుకోడు. కాలేజీ వర్క్‌షాపులో చెక్కలో గాడి తీసే రూటర్ మెషీన్ నేర్పుతారు, బాగానే ఉంటుంది. కానీ కలప ఎటు విరుగుతుందో చెయ్యికి తెలియాలంటే చిత్రిక పట్టాలి. ఒక వారం వెళ్ళండి. మొదటి రెండు రోజులు ప్రశ్నలెయ్యకండి, పొట్టు ఊడ్చి చెక్కలు అందివ్వండి. మూడోరోజు వాళ్ళే చెబుతారు. విరిగిన కుర్చీ ఒకటి అడిగి తెచ్చుకుని, మేకు తగలకుండా జాగ్రత్తగా ఊడదియ్యండి. బెజ్జంలో కుసి (అందులో దూరే చెక్క కొస) ఎంత లోతు దిగింది, ఎక్కడ వదులైంది, ఎవరి బరువుకి విరిగింది అన్నీ అందులో కనపడతాయి. మా షెడ్డుకొచ్చే కుర్చీల్లో చాలావాటికి వెనక కాలు దగ్గర విరుగుతుంది. భోంచేశాక మగవాళ్ళు కుర్చీని వెనక్కి రెండు కాళ్ళమీద ఎత్తి ఊగుతారు కాబట్టి. ఆడవాళ్ళ కుర్చీ అలా విరగడం నేను చూడలేదు. తలుపుల సంగతీ అక్కడే తెలుస్తుంది. మన నేల తేమ నేల. ఆషాఢం, శ్రావణాల్లో తలుపు ఉబ్బి పట్టేస్తుంది, ఎండల్లో సందిస్తుంది. నాన్న బిగించేటప్పుడు రూపాయి బిళ్ళ దూర్చి చూసేవాడు. వేసవిలో బిగిస్తే బిళ్ళ వదులుగా ఆడాలి.

డెల్టాలో డిజైన్ చేసేవాళ్ళు నీళ్ళని కూడా ఇంట్లో ఒక మనిషిలా లెక్కెయ్యాలి. 1986 ఆగస్టు వరద ఎంతవరకు వచ్చిందో లంక ఊళ్ళలో ఇప్పటికీ గోడమీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర గోదారి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లని, ఇళ్ళ కప్పుల్ని కలిపి పడేసింది. అందుకని ఇల్లు కొలిచేటప్పుడు వరద గుర్తు ఎత్తు అడిగి మీ సెక్షన్ డ్రాయింగ్‌లో (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) ఒక గీత పెట్టండి. ఆ గీతకింద ఏమున్నాయో లెక్కెయ్యండి. బియ్యం, పిల్లల సర్టిఫికెట్లు, గ్యాస్ బండ, మోటారు స్విచ్. గీత పైకి ఏది ఎంతసేపట్లో ఎక్కించగలరు, ఇద్దరు మనుషులు మోయగలరా, అటక మెట్టు ముసలావిడ ఎక్కగలదా?

నేను ఇది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మొదట్లో ఒక లంకలో వంటిల్లు చేసిచ్చాను. ఖర్చు తగ్గుతుందని కింది అరలకి పార్టికల్ బోర్డు (చెక్క పొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక), తలుపులకి మామూలు ఎమ్ఆర్ గ్రేడు ప్లైవుడ్ వేశాను. ఎమ్ఆర్ అంటే గాలిలో తేమ తట్టుకుంటుంది కానీ నీళ్ళలో నానితే నిలవదు. 2022 జూలైలో గోదారి వచ్చి నాలుగు రోజులు ఆ ఇంట్లో ఉంది. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే బోర్డు పూరీలా పొంగి పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఆ ఇంటావిడ నన్నొక్క మాట అనలేదు, టీ ఇచ్చింది. అది ఇంకా బాధ. మళ్ళీ నా ఖర్చుతోనే చేసిచ్చాను. కింద రెండడుగులు అలమరలే లేకుండా సిమెంటు పలకలు, పైన ఐఎస్ 710 ముద్రున్న, నీళ్ళకి నిలిచే మెరైన్ ప్లై, తలుపులు కీలుకి పైకెత్తితే ఊడొచ్చేలా. కొనేటప్పుడు షాపువాడు "వాటర్‌ప్రూఫేనమ్మా" అంటాడు. చెక్కమీద ముద్ర చూడండి. ఐఎస్ 303 అనుంటే అందులో ఎమ్ఆరా, బీడబ్ల్యూఆరా అని కూడా చూడాలి. బీడబ్ల్యూఆర్ (బాయిలింగ్ వాటర్ రెసిస్టెంట్) అయితే నీళ్ళకి కొంత తట్టుకుంటుంది. మెరైన్ అయితే 710 అనుండాలి. పాత ఇళ్ళలో భోషాణం కాళ్ళకింద రాతి ముక్కలెందుకు పెట్టేవాళ్ళో అప్పటిదాకా నేనెప్పుడూ ఆలోచించలేదు. చెదలకని మాత్రమే అనుకున్నాను.

షీట్లు పూర్తయ్యాక కాలేజీకి పంపేముందు ఆ ఇంటికి తీసుకెళ్ళండి. దీన్ని మాత్రం ఎగ్గొట్టకండి. ప్లాన్ నేలమీద పరిచి, "ఇది మీ వంటిల్లు, ఇది పెరడు" అని వేలుతో చూపిస్తూ చెప్పండి, మొదట్లో ఎవరికీ అర్థం కాదు. రెండు నిమిషాల్లో అందరూ చుట్టూ చేరతారు, తప్పులు పడతారు. పెద్దమ్మ నా షీటు ముందు కళ్ళజోడు పెట్టుకుని గొంతుక్కూర్చుంది. మెట్ల దగ్గర నేను గీసిన బల్ల చూసి తలూపింది. బల్ల 15 అంగుళాల ఎత్తు, కింద చేపలామె తట్ట పట్టేంత ఖాళీ, ఒక చివర లేవడానికి చెయ్యి ఆనించే గుంజ. తర్వాత వేలు పెట్టి వెతికింది. "ఇదేంటే, నా దండెం ఏదీ?" అంది. వసారాలో ఆ మూల నుంచి ఈ మూలకి ఇరవయ్యేళ్ళుగా ఉన్న తాడు. నేను ఆరుసార్లు దానికింద వంగి వెళ్ళాను, గియ్యలేదు. నా చేతిలో పెన్సిలు లాక్కుని తనే గీసింది. గీత వంకరగా వచ్చింది, గుంజ దగ్గర ఆగి మళ్ళీ వెనక్కి తిరిగింది, ఎందుకంటే తాడు అక్కడ ముడేసి ఉంటుందట. ఆ షీటు అలాగే సబ్మిట్ చేశాను.